ఏర్పడని సెలెక్ట్ కమిటీ: 193 రోజుల కేస్ స్టడీ

నేను లాయర్ని, కానీ కోర్టుకు వెళ్లేది తక్కువ. ఎమ్మెల్యేలకీ ఎమ్మెల్సీలకీ బిల్లుల మీద నోట్స్ తయారుచేయడం, సవరణలు రాసిపెట్టడం, ఏ రూల్ కింద ఏ నోటీసు ఎప్పటిలోగా ఇవ్వాలో చూసి చెప్పడం నా పని, ఏ పార్టీవాళ్లు అడిగినా చేస్తాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకి నేను మొట్టమొదట చెప్పే కేసు ఒకటుంది. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి మూడు రాజధానుల బిల్లుని సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లుని క్లాజు క్లాజుగా చూడటానికి సభ తన సభ్యులతో వేసే కమిటీకి, పంపిన కేసు. పంపిన అంటున్నాను గానీ ఆ కమిటీ ఒక్కరోజు కూడా కూర్చోలేదు, అసలు ఏర్పడనే లేదు. కూర్చుని రిపోర్టు ఇచ్చిన కమిటీల కంటే ఈ లేని కమిటీ నుంచే నేను ఎక్కువ నేర్చుకున్నాను.

అమరావతి ఉండాలా, విశాఖ వెళ్లాలా, కర్నూలుకి న్యాయం జరిగిందా లేదా అన్నది ఇక్కడ నేను తేల్చబోవడం లేదు. దాని మీద ఎవరి లెక్క వాళ్లకుంది, నాదీ నాకుంది. నేను చెప్పేదంతా ఆ బిల్లు ఏ బల్ల మీద నుంచి ఏ బల్ల మీదకి వెళ్లింది, ఎక్కడ ఆగింది, ఎన్ని రోజులు ఆగింది అన్న సంగతే.

2019 ఎన్నికల్లో అసెంబ్లీలో 175 సీట్లకి 151 వైసీపీకి వచ్చాయి. మండలి సంగతి వేరు. అక్కడ 58 మంది, అందరూ ఒకేసారి మారరు, రెండేళ్లకోసారి మూడోవంతు మంది దిగిపోతుంటారు. కాబట్టి కింది సభలో గాలి పూర్తిగా మారిపోయినా పై సభలో పాత బలమే నడుస్తోంది. టీడీపీకి అక్కడ స్పష్టమైన ఆధిక్యం, వైసీపీకి తొమ్మిది మందే. ఛైర్మన్ ఎం.ఏ. షరీఫ్ కూడా టీడీపీ నుంచి వచ్చినవారే. ఇంగ్లీష్ మీడియం బిల్లుకి మండలి సవరణలు పెట్టి వెనక్కి పంపినప్పుడే ఇది ముదురుతుందని మాకు అర్థమైంది.

కమిటీలకి మాత్రం కొదవలేదు, ఇది గుర్తుపెట్టుకోవాలి. 2014లో రాష్ట్ర విభజన చట్టం కింద కేంద్రం శివరామకృష్ణన్ కమిటీని వేసింది. 2019 డిసెంబర్‌లో జీఎన్ రావు కమిటీ రిపోర్టు ఇచ్చింది. 2020 జనవరి మొదట్లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ రిపోర్టు వచ్చింది. ఆ రెండింటినీ చూడటానికి మంత్రులతో, అధికారులతో హైపవర్ కమిటీ ఇంకొకటి. ఇన్ని కమిటీలు చూశాక ఇంకా కమిటీ ఎందుకు అని అప్పట్లో చాలామంది అడిగారు, ఇప్పటికీ నా క్లాసులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. జవాబు సింపుల్. పై కమిటీలన్నీ ప్రభుత్వాలు వేసినవి. ప్రభుత్వం వేసే కమిటీ ‘ఏం చేయాలి’ అని చెప్తుంది, దాని చేతిలో బిల్లు ఉండదు. సభ వేసే సెలెక్ట్ కమిటీ ముందు బిల్లు అచ్చై ఉంటుంది. అది ఒక్కో క్లాజు మీద వేలు పెట్టి, ఈ పదం ఎందుకు, ఈ తేదీ ఎందుకు, ఈ సెక్షన్‌కి డబ్బు ఎక్కడిది అని అడుగుతుంది. అధికారులని పిలిపించుకుంటుంది, బయటివాళ్లనీ పిలవొచ్చు, బిల్లుని మార్చి సభకి తిరిగి ఇస్తుంది, ఒప్పుకోని సభ్యుడు అసమ్మతి నోట్ రాసి రిపోర్టుకి జత చేస్తాడు. ఆ పని చేసే కమిటీ ఆ లిస్టులో ఒక్కటి కూడా లేదు.

జనవరి 20 పొద్దున క్యాబినెట్ ఆమోదం, అదేరోజు అసెంబ్లీలో రెండు బిల్లులు. ఒకటి పరిపాలన వికేంద్రీకరణ, అన్ని ప్రాంతాల సమ్మిళిత అభివృద్ధి బిల్లు (మూడు రాజధానుల బిల్లు అంటే ఇదే), బుగ్గన రాజేంద్రనాథ్ పెట్టారు. రెండోది సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) చట్టం రద్దు బిల్లు, బొత్స సత్యనారాయణ పెట్టారు. రాత్రికి రెండూ పాస్. ప్రవేశపెట్టిన రోజే పాసవడం మన రాష్ట్ర శాసనసభల్లో కొత్తేమీ కాదు, ఏ పార్టీ ఉన్నా అంతే. బిల్లు కాపీ చేతికొచ్చేసరికి చర్చ సగం అయిపోతే, నాలాంటివాళ్లం వాట్సాప్‌లో ఫొటోలు తీసి పంపించుకుని చదువుకున్న సందర్భాలు ఎన్నో. కేరళలో అలా జరగదు. అక్కడ 1980 నుంచి సబ్జెక్ట్ కమిటీలున్నాయి, బిల్లు మామూలుగానే ఆ శాఖ కమిటీకి వెళ్లొస్తుంది, పంపాలా వద్దా అని గొడవపడే పని లేదు. మన దగ్గర పంపడమే యుద్ధం.

21న మండలి మొదలైంది. టీడీపీ సభ్యులు మొదట రూల్ 71 తీశారు. ప్రభుత్వ విధానాన్ని తిరస్కరిస్తూ తీర్మానం పెట్టే రూల్ అది, అప్పటిదాకా దాని పేరు కూడా మాలో సగంమందికి గుర్తులేదు, నిజం చెప్తున్నాను, నేను కూడా ఆ మధ్యాహ్నం రూల్స్ పుస్తకం వెతుక్కున్నాను. ప్రభుత్వమేమో ముందు బిల్లులు తీసుకోండి అని, ప్రతిపక్షం ముందు రూల్ 71 అని. మొత్తానికి 22 రాత్రి, పోడియం చుట్టూ మంత్రులూ సభ్యులూ, గ్యాలరీలో చంద్రబాబు, అంత గందరగోళంలో ఛైర్మన్ ఒక ప్రకటన చేశారు. రూల్ 154 కింద తనకున్న విచక్షణాధికారంతో రెండు బిల్లుల్నీ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానని.

ఈ కేసుకి ఇదే మెలిక. సెలెక్ట్ కమిటీకి పంపే మామూలు దారి వేరు. బిల్లుని పరిశీలనకు తీసుకోవాలని మంత్రి కోరినప్పుడు, దాని మీద ఒక సభ్యుడు ‘సెలెక్ట్ కమిటీకి పంపాలి’ అని సవరణ పెడతాడు, ముందే నోటీసు ఇచ్చి ఉండాలి, సభ దాని మీద ఓటేస్తుంది, మూజువాణి అయినా సరే, డివిజన్ అడిగితే తలలు లెక్కపెడతారు. మండలిలో ఓటింగ్ పెట్టి ఉంటే ప్రతిపక్షానికి నెగ్గే బలముంది. అయినా ఓటింగ్ జరగలేదు. సరైన వేళకి సరైన రూపంలో నోటీసు రాలేదు, కాబట్టి ఛైర్మన్‌కి ఆ అధికారం లేదు అని ప్రభుత్వం. రూల్స్‌లో చెప్పని విషయాలు ఛైర్మన్ చూసుకోవచ్చని 154 అంటోంది కదా అని ప్రతిపక్షం. నా అభిప్రాయం అడిగితే, చేతిలో మెజారిటీ పెట్టుకుని విచక్షణాధికారం మీద ఆధారపడటం ప్రతిపక్షం చేసిన తప్పు. ఓటుతో వెళ్లిన బిల్లుని ఎవరూ ‘వెళ్లలేదు’ అనలేరు. విచక్షణతో వెళ్లిన బిల్లుని అనొచ్చు, అన్నారు కూడా.

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. ఈ పనిలో మొదటి ఏడాది ఒక సభ్యుడికి ఇలాంటి సవరణే రాసిచ్చాను. ‘ఈ బిల్లును సెలెక్ట్ కమిటీకి నివేదించవలెను’ అని ఒక్క లైను, ఎంతో గొప్పగా ఫీలైపోయి. సాయంత్రానికి అది తిరిగొచ్చింది. కమిటీలో ఎవరెవరు ఉండాలి? ఎన్నాళ్లలో రిపోర్టు ఇవ్వాలి? ఒక్క పేరూ రాయలేదు, ఒక్క తేదీ రాయలేదు. మళ్లీ రాసేసరికి గడువు అయిపోయింది. ఆయన నన్నేమీ అనలేదు, ‘పోనీలే తమ్ముడూ’ అన్నాడు, అది ఇంకా బాధ. అప్పటినుంచి నా దగ్గర ఆ సవరణ నమూనా ఒకటి ఎప్పుడూ ఉంటుంది, పేర్లకి ఖాళీలు, తేదీకి ఖాళీ, అన్నిటికంటే ముందు ఆ ఖాళీలు నింపుతాను. పేర్లు లేకపోతే సెలెక్ట్ కమిటీ అనేది ఉత్తమాటే.

2020లో కూడా సరిగ్గా పేర్ల దగ్గరే ఆగింది. ఛైర్మన్ పార్టీలని పేర్లు అడిగారు. ప్రతిపక్షాలు ఇచ్చాయి, అధికార పక్షం ఇవ్వలేదు, కమిటీయే చెల్లదంటున్నప్పుడు పేర్లెందుకిస్తారు. ఫిబ్రవరిలో కమిటీని వేస్తూ ఉత్తర్వు ఇమ్మని ఛైర్మన్ ఫైలు పంపితే, సభలో తీర్మానం లేదు, ఓటింగ్ లేదు, ఇది రూల్స్‌కి విరుద్ధం అని శాసనసభ కార్యదర్శి ఆ ఫైలు వెనక్కి పంపారు. మళ్లీ పంపితే మళ్లీ వెనక్కి. ఛైర్మన్ గవర్నర్ దగ్గరికి వెళ్లి చెప్పుకున్నారు. ఒక సభాధిపతి తన సభ కార్యదర్శి మీద రాజ్‌భవన్‌కి వెళ్లి ఫిర్యాదు చేసుకోవాల్సి రావడం నేను అంతకుముందు వినలేదు.

అప్పుడు టీవీల్లో కార్యదర్శిని తిట్టినవాళ్లు తిట్టారు, పొగిడినవాళ్లు పొగిడారు. నాకు ఆ కుర్చీ మీద జాలేసింది. రాజ్యాంగంలో 187వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో ఒక్కో సభకీ విడి సచివాలయ సిబ్బంది ఉండాలి, కానీ రెండు సభలకీ ఉమ్మడి పోస్టులు పెట్టుకోవచ్చని అదే అధికరణంలో వెసులుబాటు కూడా ఉంది. మన దగ్గర ఆ వెసులుబాటే నడుస్తోంది, రెండు సభలకీ కార్యదర్శి ఒక్కరే. స్పీకర్, ఛైర్మన్ ఒకే పార్టీ వాళ్లైతే ఇది ఎవరికీ కనపడదు. ఇద్దరూ చెరో వైపు ఉంటే ఒక అధికారి రెండు కత్తుల మధ్య. ఛైర్మన్ ఆదేశం రూల్‌కి విరుద్ధమని కార్యదర్శి అనొచ్చా, అనకూడదా? సలహాగా చెప్పొచ్చు, ఫైలు మీద రాయొచ్చు, అది ఆ ఉద్యోగంలో భాగమే. సలహా చెప్పాక కూడా ఛైర్మన్ ‘చెయ్యి’ అంటే చేయాలనేది నా అభిప్రాయం, ఎందుకంటే సభ రూల్స్‌కి ఆఖరి అర్థం చెప్పాల్సింది ఆ కుర్చీలో ఉన్నవారే, వారి తప్పు సరిదిద్దాలంటే సభ సరిదిద్దాలి, ఆఫీసు కాదు. మా సీనియర్ ఒకాయన దీన్ని అస్సలు ఒప్పుకోరు. లేని అధికారంతో ఇచ్చిన ఆదేశాన్ని అమలుచేస్తే రేపు సంతకం పెట్టినవాడే ఇరుక్కుంటాడని ఆయన వాదన. నాలుగేళ్లుగా టీ తాగినప్పుడల్లా దీని మీద గొడవపడుతూనే ఉన్నాం.

ఈ మధ్యలో జనవరి 27న అసెంబ్లీ మండలినే రద్దు చేయాలని తీర్మానం చేసింది, 133 మంది అనుకూలం, టీడీపీ సభకి రాలేదు. మండలికి ఏడాదికి 60 కోట్లు ఖర్చవుతోందని ముఖ్యమంత్రి సభలో చెప్పారు. 169వ అధికరణం కింద అసెంబ్లీ చేయగలిగేది తీర్మానం మాత్రమే, మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి, ఆ తర్వాత చట్టం చేయాల్సింది పార్లమెంటు. మన మండలికి ఇదేమీ కొత్త అనుభవం కాదు పాపం. 1958లో వచ్చింది, 1985లో ఎన్టీఆర్ హయాంలో పోయింది, 2007లో వైఎస్ హయాంలో మళ్లీ వచ్చింది. ఈసారి పార్లమెంటులో బిల్లు రాలేదు, మండలి నడుస్తూనే ఉంది. రద్దు చేయమన్న ఆ మండలి నుంచే ఇద్దరు మంత్రులున్నారు, పిల్లి సుభాష్ చంద్రబోస్, మోపిదేవి వెంకటరమణ. వాళ్లు జూన్‌లో రాజ్యసభకి వెళ్లిపోయారు.

ఇప్పుడు అసలు పాఠానికి వద్దాం, 197వ అధికరణం. క్లాసులో ఈ ముక్క బోర్డు మీద రాసి చెప్తాను.

అసెంబ్లీ పాస్ చేసిన మామూలు బిల్లు, ద్రవ్య బిల్లు కానిది, మండలికి వచ్చిందనుకోండి. మండలి తిరస్కరించొచ్చు. అసెంబ్లీ ఒప్పుకోని సవరణలు పెట్టొచ్చు. లేదా ఏమీ తేల్చకుండా ఉంచుకోవచ్చు, కానీ సభ ముందు పెట్టిన రోజు నుంచి మూడు నెలలు దాటితే చాలు, అసెంబ్లీ ఆ బిల్లుని మళ్లీ పాస్ చేసి రెండోసారి పంపొచ్చు. రెండోసారి మండలి ఆపగలిగేది ఒక్క నెల. ఆ నెల దాటినా, మళ్లీ తిరస్కరించినా, బిల్లు రెండు సభల్లోనూ పాసైనట్టే లెక్క. పార్లమెంటులోలాగా ఉమ్మడి సమావేశం రాష్ట్రాల్లో లేదు. అంటే మండలి చేతిలో ఉన్న ఆయుధం మొత్తం కలిపి మూడు ప్లస్ ఒకటి, నాలుగు నెలల టైమ్, అంతే.

దీంట్లో చాలామంది చదవకుండా వదిలేసే ఒక తేడా ఉంది. పార్లమెంటుకి సంబంధించిన 108వ అధికరణంలో ఆరు నెలల గడువు లెక్కపెట్టేటప్పుడు సభ ప్రోరోగ్ అయిన (సమావేశాలు ముగిసినట్టు ప్రకటించిన) రోజుల్నీ, వరుసగా నాలుగు రోజులకి మించి వాయిదా పడిన రోజుల్నీ తీసేయాలని స్పష్టంగా ఉంది. 197లో ఆ మాట లేదు. మండలి కూర్చున్నా కూర్చోకపోయినా, సెలవుల్లో ఉన్నా, లాక్‌డౌన్‌లో ఉన్నా, గడియారం తిరుగుతూనే ఉంటుంది. బిల్లు సెలెక్ట్ కమిటీలో ఉన్న రోజులు మినహాయించాలని కూడా లేదు. నేను మళ్లీ మళ్లీ చూశాను, లేదు.

అంటే ఏంటి? 2020 జనవరి 22న కమిటీని చక్కగా తొమ్మిదిమందితోనో పదిమందితోనో వేసినా, అది వారానికి రెండుసార్లు కూర్చున్నా, కూర్చోకపోయినా, ఏప్రిల్ నాలుగో వారానికి ప్రభుత్వానికి బిల్లు మళ్లీ పాస్ చేసుకునే హక్కు వచ్చేస్తుంది. కమిటీని అడ్డుకున్నందుకు ప్రభుత్వానికి ఒక్కరోజు కూడా కలిసిరాలేదు. కమిటీకి పంపినందుకు ప్రతిపక్షానికీ ఒక్కరోజు ఎక్కువ దొరకలేదు, బిల్లుని అలా బల్ల మీద ఉంచేసినా అదే మూడు నెలలు. రెండు నెలలపాటు రాజ్‌భవన్ దాకా సాగిన గొడవంతా గడియారాన్ని ఒక్క గంట కూడా కదపలేదు. నేను దీన్ని మొదటిసారి కాగితం మీద తేదీలు వేసి చూసినప్పుడు నాకే నమ్మబుద్ధి కాలేదు.

ప్రభుత్వం అనుకుంటే ఏప్రిల్ ఆఖర్లో బిల్లు మళ్లీ పాస్ చేసి మే ఆఖరుకి గవర్నర్ దగ్గర పెట్టేసి ఉండేది. కరోనా వచ్చి దాన్ని జూన్‌కి జరిపింది. జూన్ 16న అసెంబ్లీ రెండు బిల్లుల్నీ రెండోసారి పాస్ చేసింది, 17న మండలికి వచ్చాయి.

ఆ 17వ తారీకు మాలాంటివాళ్లకి ఇంకో పాఠం. బడ్జెట్ సమావేశాలు రెండే రోజులు పెట్టారు, కరోనా కదా. ఖజానా నుంచి ఖర్చుకి అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు కూడా అదేరోజు మండలిలో ఉంది. ఏది ముందు అన్నదే గొడవ. ముందు రాజధాని బిల్లులు అని ప్రభుత్వం, ముందు ద్రవ్య వినిమయం అని టీడీపీ, ఒకటి ముందు అయిపోతే రెండోదానికి సభ ఉండదని ఇద్దరికీ భయం. చివరికి ఏదీ కాకుండానే సభ నిరవధిక వాయిదా. ద్రవ్య బిల్లుని ఆపే శక్తి మండలికి లేదు, 198వ అధికరణం కింద పద్నాలుగు రోజులు దాటితే పాసైనట్టే. కానీ లెక్క చూడండి, కరోనా వల్ల మార్చిలో మూడు నెలల ఖర్చుకి ఆర్డినెన్స్ తెచ్చుకున్నారు, అది జూన్ 30 దాకే. జూన్ 17కి పద్నాలుగు రోజులు కలిపితే జూలై మొదటి తారీకు. ఒక్కరోజు తేడా! ఖజానా నుంచి పైసా తీయడానికి చట్టం లేదు, జూలై ఒకటిన ఉద్యోగులకి జీతాలు పడలేదు, ఆ తర్వాత పడ్డాయి. మా బావమరిది టీచరు, ఆరోజు పొద్దున్నే ఫోన్ చేసి ‘ఏంట్రా మీ మండలి’ అన్నాడు. నాదేదో సొంత మండలి అయినట్టు.

రాజధాని బిల్లుల విషయంలో ఆ రోజు బిల్లు ‘సభ ముందు పెట్టినట్టా, కాదా’ అన్నది ఇంకో వివాదం, ఎందుకంటే నెల గడువు సభ ముందు పెట్టిన రోజు నుంచే మొదలవుతుంది. పెట్టాం అని ప్రభుత్వం. పెట్టలేదు, పైగా బిల్లులు సెలెక్ట్ కమిటీలో ఉండగా మళ్లీ ఎలా తెస్తారు అని ప్రతిపక్షం. లేని కమిటీలో బిల్లు ఉన్నట్టా అన్న ప్రశ్నకి నా దగ్గరా సూటి జవాబు లేదు. మొత్తానికి నెల దాటింది, బిల్లులు గవర్నర్ బిశ్వభూషణ్ హరిచందన్ దగ్గరికి వెళ్లాయి, జూలై 31న సంతకం అయింది. జనవరి 20 నుంచి లెక్కపెడితే 193 రోజులు. ఆగస్టు 4న హైకోర్టు స్టేటస్ కో, అంటే ఉన్నది ఉన్నట్టే ఉంచాలన్న ఉత్తర్వు, ఇచ్చింది. ఆ చట్టం స్వేచ్ఛగా బతికింది నాలుగు రోజులు.

ఇంతకీ కమిటీ కూర్చుని ఉంటే ఏం చేసేది? పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది, అప్పుడు నేను రెండు బిల్లుల కాపీలు ఇచ్చి, మీరే కమిటీ, ప్రశ్నలు రాయండి అంటాను. బాగా చదివినవాళ్లు గంటలో పది ప్రశ్నలు రాస్తారు.

ఒకరు విభజన చట్టం తీస్తారు. సెక్షన్ 5లో పదేళ్ల తర్వాత హైదరాబాద్ తెలంగాణ రాజధాని, ఆంధ్రప్రదేశ్‌కి ‘ఒక కొత్త రాజధాని’ అని ఏకవచనంలో రాశారు. పార్లమెంటు చేసిన చట్టంలో ఒకటి అని ఉంటే రాష్ట్ర శాసనసభ మూడు అనొచ్చా? అడ్వకేట్ జనరల్‌ని కమిటీ ముందుకి పిలిచి లిఖితపూర్వకంగా అడగాల్సిన ప్రశ్న. ఇంకొకరు హైకోర్టు సంగతి అడుగుతారు. 2019 జనవరి 1 నుంచి రాష్ట్రపతి ఉత్తర్వుతో హైకోర్టు అమరావతిలో ఉంది, దాన్ని కర్నూలుకి మార్చడం రాష్ట్రం చేతిలో లేని పని, మరి బిల్లులో న్యాయ రాజధాని అన్న మాటకి బరువెంత?

రెండో బిల్లు మీద ప్రశ్నలు ఇంకా పదునుగా ఉంటాయి, ఎందుకంటే అక్కడ మనుషులున్నారు. 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకి పైగా ల్యాండ్ పూలింగ్‌లో, అంటే భూమికి బదులు అభివృద్ధి చేసిన ప్లాటు ఇచ్చే పద్ధతిలో, ఇచ్చారు. మెట్ట భూమికి ఎకరానికి ఏడాదికి 30 వేలు, జరీబుకి (ఏటిపక్క సారవంతమైన భూమికి) 50 వేలు కౌలు, ఏటా కొంత పెంపు, పదేళ్లపాటు. భూమి లేని కూలీలకి నెలకి 2,500 పింఛను. 2019లో వచ్చిన ప్రభుత్వం కౌలుని పదిహేనేళ్లకి పొడిగిస్తామంది, పింఛను 5,000 చేస్తామంది. బాగుంది, కానీ రైతు భూమి ఇచ్చింది కౌలు కోసం కాదు, రాజధాని వస్తే ఆ ప్లాటుకి వచ్చే విలువ కోసం. 9.14 ఫారం మీద సీఆర్‌డీఏతో వెనక్కి తీసుకోలేని ఒప్పందం చేసుకున్నాడు. సీఆర్‌డీఏనే రద్దు చేస్తే ఆ ఒప్పందంలో రెండో పార్టీ ఎవరు? వచ్చే కొత్త సంస్థ పాత హామీలన్నిటికీ కట్టుబడుతుందా, కొన్నిటికేనా? ఇదంతా ఒక క్లాజులో రెండు లైన్లతో తేలే విషయం కాదు, తుళ్లూరు నుంచి ఇద్దరు రైతుల్ని, ఉద్దండరాయునిపాలెం నుంచి ఒక కూలీని పిలిచి కూర్చోబెట్టి వినాల్సిన విషయం. ఉత్తరాంధ్ర నుంచి, సీమ నుంచి కూడా పిలవాలి, వాళ్ల వెనకబాటు మీద కోపం నిజమైనదే, దానికి బిల్లులో ఉన్న జోనల్ అభివృద్ధి బోర్డులకి డబ్బు ఎంత, అధికారం ఎంత అని వాళ్లూ అడిగి ఉండేవాళ్లు. ఆ బోర్డుల మీద చర్చ సభలో దాదాపు జరగనేలేదు, అదే నాకు అన్నిటికంటే విచారం. మూడు ఊళ్ల పేర్ల మధ్య ఆ క్లాజులు ఎవరికీ కనపడలేదు.

మా పిల్లలు గంటలో రాసే ఈ ప్రశ్నల్లో సగం హైకోర్టు కూడా వేసుకుంది. 2022 మార్చి 3న ముగ్గురు న్యాయమూర్తుల బెంచ్ రాజధానిని మార్చే చట్టం చేసే అధికారం రాష్ట్ర శాసనసభకి లేదని, రైతులతో చేసుకున్న ఒప్పందం అమలుచేయాలని, మూడు నెలల్లో ప్లాట్లు, ఆరు నెలల్లో రాజధాని పనులు అని తీర్పిచ్చింది. అదే ఏడాది నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆ గడువుల మీద స్టే ఇచ్చింది. శాసనసభ అధికారాన్ని కోర్టు అంత కుదించొచ్చా అన్నదాని మీద నాకూ అనుమానాలున్నాయి, అది ఇంకో వ్యాసం. కానీ ప్రశ్నలు సభ వేసుకోకపోతే కోర్టు వేస్తుంది, కోర్టు వేసినప్పుడు సవరణ చేసుకునే అవకాశం ఉండదు, అవునో కాదో అంతే.

చట్టం మాత్రం ఆ తీర్పు దాకా కూడా లేదు. 2021 నవంబర్‌కి లెక్కలు మారిపోయాయి. షరీఫ్ పదవీకాలం అయిపోయింది, మండలిలో వైసీపీకి బలం వచ్చింది, కొయ్యే మోషేను రాజు ఛైర్మన్ అయ్యారు. 22న రెండు చట్టాల్నీ వెనక్కి తీసుకుంటున్నామని అడ్వకేట్ జనరల్ హైకోర్టులో చెప్పారు, అదేరోజు అసెంబ్లీలో రద్దు బిల్లు. మర్నాడు 23న మండలిని రద్దు చేయాలన్న పాత తీర్మానాన్ని కూడా అసెంబ్లీ వెనక్కి తీసుకుంది, మండలి మళ్లీ అవసరమైంది.

ఆ రద్దు బిల్లు చివర ఉద్దేశాలూ కారణాలూ అని ఒక పేజీ ఉంటుంది, ప్రతి బిల్లుకీ ఉంటుంది, ఎవరూ చదవరు, నేను చదువుతాను. ఎందుకు వెనక్కి తీసుకుంటున్నారంటే, ఈ విషయాన్ని ఇంకా అధ్యయనం చేయడానికి, సంబంధించిన అందరితో ఇంకా సంప్రదింపులు జరపడానికి అని దాని సారాంశం. చదివి నేను ఆ కాగితం అలా పట్టుకుని కూర్చున్నాను. సెలెక్ట్ కమిటీ వేసేటప్పుడు సభలో సరిగ్గా ఈ మాటలే చదువుతారు.

రద్దు బిల్లు కూడా పెట్టిన రోజే అసెంబ్లీలో పాసైంది. ఏ కమిటీకీ వెళ్లలేదు.